హెడ్‌సెట్ పెద్ద డబ్బా.. కథంతా చిన్న చిప్‌దే!

ఓ చిన్న ప్రయోగం చేద్దాం. ఫోన్‌లో యూట్యూబ్ తెరవండి. '360 వీడియో' అని వెతికి, నచ్చింది ఒకటి పెట్టండి. ఇప్పుడు ఫోన్‌ను మెల్లగా కుడికి తిప్పండి. వీడియోలో కుడి పక్కన ఉన్నది కనిపిస్తుంది. పైకెత్తితే ఆకాశం, కిందికి దించితే నేల. మల్యాల ఎక్స్‌రోడ్డు కాడ బస్సు కోసం నిలబడి ఇట్లా గుండ్రంగా తిరిగితే పక్కోళ్లు వింతగా చూస్తారు గానీ, వర్చువల్ రియాలిటీకి మొదటి మెట్టు ఇదే!

ఎంత తిప్పినా బొమ్మ కదలలేదా? మీ ఫోన్‌లో గైరోస్కోప్ లేనట్టే. అది ఫోన్ ఎటు తిరిగిందో పసిగట్టే సెన్సర్. తక్కువ ధర ఫోన్లలో కొన్నింటికి ఉండదు. కదిలిందా? అయితే ఓ ఐదు నిమిషాలు అట్లనే చూడండి. ఫోన్ వెనుక చేయి పెట్టండి. కాస్త వెచ్చగా తగులుతుంది కదా!

వీఆర్ హెడ్‌సెట్ల భవిష్యత్తు ఏమిటన్న ప్రశ్నకు సగం జవాబు ఆ వెచ్చదనంలోనే ఉంది. ఎందుకో చూద్దాం.

ఫోనే మొహానికి వచ్చింది

2014లో గూగుల్ 'కార్డ్‌బోర్డ్' అని ఒకటి తెచ్చింది. పేరుకు తగ్గట్టే అట్టపెట్టె. ముందు రెండు భూతద్దాలు, వెనుక ఫోన్ పెట్టుకునే అర. అంతే, వీఆర్ రెడీ! 2023లో ఐపీఎల్ చూడటానికి జియో తెచ్చిన 'జియోడైవ్' కూడా ఇదే పద్ధతి. ధర 1,299 రూపాయలు. తెర, బుర్ర, బ్యాటరీ.. అన్నీ మన ఫోన్‌వే. హెడ్‌సెట్ పని దాన్ని కండ్ల ముందు పట్టుకోవడమే.

దీనితో చిక్కేమిటంటే, తల ఎటు తిప్పామో ఫోన్‌కు తెలుస్తుంది గానీ, ఒక అడుగు ముందుకు వేశామన్న సంగతి తెలియదు. మీరు నడిచినా బొమ్మ నడవదు. కాసేపటికి కడుపులో తిప్పుతుంది.

అందుకే కంపెనీలు ఫోన్‌ను పక్కనపెట్టి, దాని లోపలి చిప్‌ను నేరుగా హెడ్‌సెట్‌లోకి తెచ్చాయి. 2019లో వచ్చిన మొదటి ఆక్యులస్ క్వెస్ట్‌లో ఉన్నది స్నాప్‌డ్రాగన్ 835. అంతకు రెండేండ్ల ముందు ఖరీదైన ఫోన్లలో వాడిన చిప్ అది. 2020లో వచ్చిన క్వెస్ట్ 2లోని ఎక్స్‌ఆర్2 చిప్‌కు మూలం స్నాప్‌డ్రాగన్ 865. అదీ ఫోన్ చిప్పే! 2023లో మెటా తెచ్చిన క్వెస్ట్ 3లోకి ఎక్స్‌ఆర్2 జెన్ 2 వచ్చింది. పాత దానికన్నా గ్రాఫిక్స్ బలం రెండున్నర రెట్లు పెరిగిందని తయారుచేసిన క్వాల్‌కామ్ చెప్పింది.

ఆపిల్ దారి వేరు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో అమ్మకానికి వచ్చిన విజన్ ప్రోలో రెండు చిప్‌లు పెట్టింది. ఆలోచించే పనికి ల్యాప్‌టాప్‌లలో వాడే ఎం2. చూసే పనికి ఆర్1. ఆ హెడ్‌సెట్‌కు 12 కెమెరాలు, 5 సెన్సర్లు, 6 మైకులు ఉన్నాయి. అవి పంపే సమాచారాన్ని ఎప్పటికప్పుడు అందుకుని, 12 మిల్లీ సెకన్లలో తెర మీదికి చేర్చడమే ఆర్1 ఉద్యోగం. మిల్లీ సెకను అంటే సెకనులో వెయ్యో వంతు!

11 మిల్లీ సెకన్ల పరుగు

ఎందుకంత తొందర? బస్సులో పోతూ కిందికి చూసి ఫోన్ చదివితే కొందరికి తల తిరుగుతుంది. ఒళ్లు కదులుతోందని చెవి లోపలి భాగం చెబుతుంది. అక్షరాలు కదలట్లేదని కండ్లు చెబుతాయి. ఇద్దరి మాట కలవక మెదడు తికమకపడుతుంది. వీఆర్‌లోనూ అదే జరుగుతుంది. మీరు తల తిప్పారు, బొమ్మ కాస్త ఆలస్యంగా తిరిగింది.. ఇగ వాంతే! తల కదిలినప్పటి నుంచి తెర మీది బొమ్మ మారేదాకా 20 మిల్లీ సెకన్లు దాటొద్దని ఈ రంగంలో వాళ్లు లెక్క పెట్టుకున్నారు.

ఇప్పుడు చిప్ కష్టం చూడండి. హెడ్‌సెట్ సెకనుకు 90 బొమ్మలు చూపించాలంటే ఒక్కో బొమ్మకు దొరికే టైమ్ 11 మిల్లీ సెకన్లు. ఆ కొద్ది టైమ్‌లోనే కెమెరాలు చూసింది చదవాలి. తల ఎక్కడుందో, చేతులు ఎక్కడున్నాయో లెక్కగట్టాలి. ఆ లెక్క ప్రకారం కుడి కంటికో బొమ్మ, ఎడమ కంటికో బొమ్మ వేరువేరుగా గీయాలి. ఆ తర్వాత వెంటనే మళ్లీ మొదలు!

క్వెస్ట్ 3లో ఒక్కో కంటికి 2064×2208 చుక్కలు. రెండు కండ్లకూ కలిపితే 91 లక్షల పైనే. మామూలు ఫుల్ హెచ్‌డీ ప్లస్ ఫోన్ తెరలో ఉండేవి దాదాపు 26 లక్షలు. అంటే ఫోన్ కన్నా మూడున్నర రెట్లు ఎక్కువ పని, అదీ ఆగకుండా. సిరిసిల్లలో సాంచాల మీద పోగు తెగితే బట్టలో తేడా ఎట్లా కనిపిస్తుందో, ఇక్కడ ఒక్క బొమ్మ తప్పినా కంటికి అట్లా తెలిసిపోతుంది.

బాహుబలి నాటి కార్డు.. నేటి బల్బు

ఇంత పనికి కరెంట్ ఎంత కావాలి? దీనికి జవాబు చెప్పాలంటే మనోళ్ల కథ ఒకటి గుర్తు చేసుకోవాలి.

'బాహుబలి 2' కోసం దేశమంతా ఎదురుచూస్తున్న రోజుల్లో ఆర్కా మీడియా వర్క్స్, చిప్‌ల కంపెనీ ఏఎండీ కలిసి 'ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' పేరుతో ఓ వీఆర్ అనుభవాన్ని తయారుచేశాయి. అప్పట్లో ఏఎండీలో గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి మన తెలుగాయనే.. రాజా కోడూరి. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎంటెక్ చేసి, ఆపిల్‌లోనూ పనిచేసి వచ్చిన చిప్ నిపుణుడు. 2016లో ఆయన విభాగం తెచ్చిన 'రేడియాన్ ఆర్‌ఎక్స్ 480' కార్డు ధర 199 డాలర్ల దగ్గర మొదలైంది. వీఆర్‌ను మామూలు జనానికి అందించాలన్నదే దాని ప్రచారం.

మంచి ధరే. కానీ ఆ ఒక్క కార్డు వాడుకునే కరెంట్ 150 వాట్లు. దాన్ని పెట్టడానికి పెద్ద కంప్యూటర్, చల్లబరచడానికి ఫ్యాన్లు, హెడ్‌సెట్ దాకా లావుపాటి వైరు ఉండాల్సిందే.

మరి ఇప్పుడు? క్వెస్ట్ 3 బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ అవర్ల కరెంట్. సగటున 2 గంటల చిల్లర వస్తుంది. భాగిస్తే తెర, కెమెరాలు, చిప్ అన్నీ కలిపి వాడుకునేది 9 వాట్ల దరిదాపు. అంటే మనింట్లో వెలిగే ఎల్ఈడీ బల్బు అంత! 150 వాట్ల కార్డు గీసినంత అందంగా ఇది గీయలేకపోవచ్చు. కానీ కంప్యూటర్ లేకుండా, వైరు లేకుండా ఒక బల్బు కరెంట్‌తో వీఆర్ నడవడం చిన్న సంగతి కాదు.

అయినా 9 వాట్ల బల్బును కాసేపు వెలిగించి పట్టుకుని చూడండి. చేతికి వేడి తెలుస్తుంది. అలాంటి దాన్ని మొహానికి కట్టుకోవాలి. అది కూడా మన జగిత్యాల జిల్లాలో, 45 డిగ్రీలు దాటే మే నెలలో! దానికి తోడు బరువు ఒకటి. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. 2025 అక్టోబర్‌లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎక్స్‌ఆర్ 545 గ్రాములు, బ్యాటరీ వేరే. ఎం5 చిప్‌తో వచ్చిన కొత్త విజన్ ప్రో 750 గ్రాముల పైమాటే. అరకిలో టమాటాల సంచిని కండ్ల ముందు వేలాడదీసుకుని రెండు గంటలు ఉండగలమా?

ఇక్కడే ముడి పడింది. బొమ్మ ఇంకా బాగుండాలంటే చిప్ ఎక్కువ పని చేయాలి. ఎక్కువ పని చేస్తే వేడెక్కుతుంది. వేడి తగ్గాలంటే ఫ్యాన్, బ్యాటరీ పెద్దవి కావాలి. అవి పెరిగితే బరువు పెరుగుతుంది. నిజమైన లోకంలా అనిపించాలంటే 16కె తెర, సెకనుకు 240 బొమ్మలు ఉండాలని రాజా కోడూరి 2016లోనే అన్నారు. 16కె అంటే 13 కోట్లకు పైగా చుక్కలు. క్వెస్ట్ 3 ఇంకా కోటి లోపే ఉంది!

అగ్గిపెట్టెలో చీర

ఈ ముడి విప్పడానికి ఇంజినీర్లు మూడు దారులు పట్టారు.

మొదటిది, కంటిని గమనించడం. చేయి చాచి బొటనవేలు చూడండి. ఏ క్షణంలోనైనా మన కన్ను పూర్తి స్పష్టంగా చూసేది దాదాపు ఆ గోరంత భాగాన్నే. చుట్టూ ఉన్నదంతా మసకే. మెదడు సర్దేస్తుంది కాబట్టి మనకు తెలియదు. హెడ్‌సెట్ లోపలి చిన్న కెమెరాలు మీ చూపు ఎక్కడుందో కనిపెడితే, అక్కడ మాత్రమే నిండుగా గీసి మిగతాది తేలికగా లాగించేయొచ్చు. దీన్నే ఫోవియేటెడ్ రెండరింగ్ అంటారు. చిప్‌కు బోలెడు పని తప్పుతుంది. కాకపోతే, మీరు దేన్ని ఎంతసేపు చూశారన్నది కూడా ఆ యంత్రానికి తెలిసిపోతుంది. ఆ సమాచారం హెడ్‌సెట్‌లోనే ఉంటుందా, బయటికి పోతుందా అన్నది కొనేముందు అడగాల్సిన ప్రశ్న.

రెండోది, పనిని పంచడం. 2022 నవంబర్‌లో క్వాల్‌కామ్ ప్రకటించిన ఏఆర్2 జెన్ 1 ఒక్క చిప్ కాదు, మూడు ముక్కలు. కండ్లద్దాల పుల్లల్లో, ముక్కు మీది వంతెనలో తలా ఒక చోట సర్దుకుంటాయి. బరువైన లెక్కలన్నీ వైఫై మీద జేబులోని ఫోన్‌కు పంపేస్తాయి. మొత్తం వాడుకునే కరెంట్ ఒక వాట్ కన్నా తక్కువ! అట్టపెట్టెలో మొహానికి ఎక్కిన ఫోన్ మళ్లీ జేబులోకి దిగిందన్నమాట. 2025 నవంబర్‌లో వాల్వ్ ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్‌దీ ఇదే ఆలోచన. లోపల ఫోన్ చిప్ ఉన్నా, పెద్ద గేమ్‌లను ఇంట్లోని కంప్యూటరే గీసి గాల్లో పంపిస్తుంది.

మూడోది, ఆశ తగ్గించుకోవడం. లోకం మొత్తాన్ని కప్పేసే డబ్బా కాకుండా, మామూలు కండ్లద్దాల మూలలో చిన్న తెర చాలనుకోవడం. 2025లో మెటా తెచ్చిన రే-బ్యాన్ డిస్‌ప్లే బరువు 69 గ్రాములు. తెర లేకుండా కెమెరా, స్పీకర్, మైకులతో వచ్చే రే-బ్యాన్ మెటా 50 గ్రాముల దగ్గరే. మన దేశంలో అది 2025 మేలో 29,900 రూపాయలకు అమ్మకానికి వచ్చింది. దాని లోపలిది ఏఆర్1 జెన్ 1 అనే బుల్లి చిప్.

అగ్గిపెట్టెలో పట్టే చీర నేసింది మన సిరిసిల్ల నేతన్న. ఐదున్నర మీటర్ల చీర ఉండాలి, అయినా పెట్టె మూత పడాలి. ఇప్పుడు చిప్‌ల ఇంజినీర్లు చేస్తున్నదీ అలాంటి పనే. చీర పొడవు తగ్గించడం కాదు, పోగును సన్నం చేయడం.

అసలు ఎవరికి కావాలి?

నిజం చెప్పుకోవాలి. వీఆర్ అనుకున్నంతగా జనంలోకి పోలేదు. 2014లో ఆక్యులస్‌ను సుమారు 200 కోట్ల డాలర్లకు కొన్న ఫేస్‌బుక్, 2021లో పేరునే మెటాగా మార్చుకుంది. ఆ కంపెనీలో హెడ్‌సెట్లు, కండ్లద్దాలు చూసే రియాలిటీ ల్యాబ్స్ విభాగానికి 2024 ఒక్క ఏడాదిలోనే 1,770 కోట్ల డాలర్ల నష్టం. 3,499 డాలర్ల విజన్ ప్రో అంటే మన లెక్కలో సుమారు 3 లక్షలు. సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ బేరం మాట్లాడొచ్చు!

గేమ్‌ల సంగతి పక్కనపెడితే, వీఆర్ నిలబడే చోటు ఒకటి కనిపిస్తోంది. తప్పు చేస్తే ప్రాణం మీదికి వచ్చే పనులు నేర్పడం. వెల్డింగ్, క్రేన్ నడపడం, ఎత్తు మీద పని, సర్జరీ.. వీటన్నిటికీ వీఆర్ సిమ్యులేటర్లు ప్రపంచంలో ఇప్పటికే వాడకంలో ఉన్నాయి. వెల్డింగే తీసుకోండి. రాడ్లు వృథా కావు, కన్ను దెబ్బతినదు, వందసార్లు తప్పు చేసినా ఎవరూ తిట్టరు. కోరుట్ల, మల్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లలో ఎంతోమంది పని అక్కడికి పోయాకే నేర్చుకుంటారు. విమానం ఎక్కకముందే ఇక్కడి ఐటీఐలో పదో అంతస్తు పరంజా మీద నిలబడి చూసే వీలుంటే? అందుకు 3 లక్షల యంత్రం పనికిరాదు. చవకగా, తేలికగా, ఎండకు తట్టుకునేది కావాలి. అది మళ్లీ చిప్ దగ్గరికే వచ్చి ఆగుతుంది.

నాచుపల్లి నుంచి రాయదుర్గం

ఈ చిప్‌లు ఎక్కడ తయారవుతాయి? ఆపిల్ చిప్‌లను పోతపోసేది తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ. ఎం5కు వాడింది 3 నానోమీటర్ల పద్ధతి. గుజరాత్‌లోని ధోలేరాలో టాటాలు కడుతున్న ఫ్యాక్టరీ లక్ష్యం 28 నానోమీటర్లు, ఆపైన. కాబట్టి హెడ్‌సెట్ చిప్ మన దేశంలో పోతపోయడానికి టైమ్ పడుతుంది.

కానీ చిప్ పుట్టేది ఫ్యాక్టరీలో కాదు, డిజైన్‌లో. ఆ పని మాత్రం మల్యాలకు దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్‌లోనే జోరుగా నడుస్తోంది. క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, ఎన్‌విడియా.. అందరికీ అక్కడ ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. రాయదుర్గంలో కొత్త క్యాంపస్ కోసం ఐదేండ్లలో సుమారు 3,900 కోట్లు పెడతామని, 8,700 మందికి చోటుంటుందని క్వాల్‌కామ్ 2022లో ప్రకటించింది.

అక్కడ ఏం చేస్తారు? కొందరు చిప్ ఎట్లా ఆలోచించాలో వెరిలాగ్ లాంటి భాషలో రాస్తారు. ఇంకొందరు అందులో తప్పులు పడతారు. దీన్ని వెరిఫికేషన్ అంటారు, పెద్ద భాగం పని ఇదే. ఎందుకంటే యాప్‌లో తప్పుంటే అప్‌డేట్ పంపొచ్చు. పోతపోసిన చిప్‌లో తప్పుంటే కోట్లు మునిగినట్టే! మరికొందరి పని కరెంట్ పొదుపు. ఎవరూ లేని గదిలో లైటు ఆర్పినట్టు, ఆ క్షణానికి పనిలేని చిప్ భాగాలను ఆపేసి, అవసరం రాగానే లేపడం. 9 వాట్లు ఒక వాట్ కావాలంటే ఇలాంటి వందల చిన్న పొదుపులు కలవాలి.

ఇక్కడే మన కథ. కొండగట్టు పక్కనే నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2007 నుంచి ఉంది. 2021లో సిరిసిల్లకూ ఒకటి వచ్చింది. అయినా ఇంటర్ అయిన పోరగాళ్లను అడిగితే సీఎస్ఈ అంటారు, లేదంటే దుబాయ్ అంటారు. ఈసీఈ సీటు తీసుకున్నవాళ్లలోనూ చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కే పోతారు. చిప్ డిజైన్ అనే మూడో దారి ఉందని చెప్పేవాళ్లు తక్కువ.

దారి ఉంది గానీ, నున్నటి రోడ్డు కాదు. పెద్ద కంపెనీలు క్యాంపస్ ఎంపికలకు పేరున్న కాలేజీల వైపే ఎక్కువగా చూస్తాయి. నియామకాలు ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండవు. అందుకే గేట్ రాసి, వరంగల్ ఎన్‌ఐటీ లాంటి చోట వీఎల్‌ఎస్‌ఐలో ఎంటెక్ చేయడం నమ్మకమైన మెట్టు. నేర్చుకోవడం మొదలుపెట్టడానికి మాత్రం పైసా అక్కర్లేదు. ఐకారస్ వెరిలాగ్ లాంటి ఉచిత సాధనాలు మామూలు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తాయి. ఈడీఏ ప్లేగ్రౌండ్ అయితే బ్రౌజర్‌లోనే. కేంద్రం 'చిప్స్ టు స్టార్టప్' కార్యక్రమం కింద 85 వేల మందికి శిక్షణ లక్ష్యంగా పెట్టుకుని, కాలేజీలకు ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను అందిస్తోంది. మీ కాలేజీ అందులో ఉందో లేదో అడగండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి.

ఒక జాగ్రత్త. 'లక్షలు కట్టండి, వీఎల్‌ఎస్‌ఐ ఉద్యోగం గ్యారంటీ' అనే ప్రకటనలు కనిపిస్తే ఆగండి. వీసా కోసం ఏజెంట్ చేతిలో అప్పు పైసలు పోసి మోసపోయిన ఇండ్లు మన ఊళ్లలో ఎన్నో. కోర్సు పేరుతో అదే కథ రిపీట్ కావొద్దు. కట్టే ముందు, అక్కడ చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఇద్దరితోనైనా మీరే మాట్లాడండి.

గల్ఫ్ నుంచి వచ్చే బ్యాగుల్లో ఒకప్పుడు టేప్ రికార్డర్లు వచ్చేవి, తర్వాత ఫోన్లు వచ్చాయి. రేపు వీఆర్ కండ్లద్దాలూ రావొచ్చు. పెట్టుకుని మురిసిపోతాం, తప్పులేదు. అయితే వాటి లోపలి చిప్‌లో ఒక చిన్న బ్లాక్‌ను నాచుపల్లిలో చదివిన అమ్మాయో, అబ్బాయో సరిచూసి ఉంటే? కొన్న మురిపెం వేరు, చేసిన మురిపెం వేరు.

ఇందాక పెట్టిన 360 వీడియో ఇంకా నడుస్తోందా? ఆపేయండి. ఫోన్ చల్లబడనివ్వండి. ఈ వేడి ఎందుకు వచ్చింది, ఎట్లా తగ్గించాలి అన్న ఆలోచన మీకు నిజంగానే తగులుకుంటే, ఈ రాత్రికి రీల్స్ పక్కనపెట్టి వెరిలాగ్ మొదటి పాఠం ఒకటి చూడండి. పోయేది అరగంటే!